ఊరు ఖాళీ చేయమన్నారు సరే, ఎందులో వెళ్లాలి? కత్రినా హరికేన్ కథ

ఇవాళ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం.

రేపు పొద్దున ఆరింటికి మీ ఊరి మీదకి పెద్ద తుఫాను వస్తుందని, అందరూ ఊరు వదిలి వెళ్లిపోవాలని, ఇవాళ పొద్దున తొమ్మిదిన్నరకి ప్రభుత్వం ఆర్డర్ ఇచ్చింది అనుకోండి. మీ ఇంట్లో బండి లేదు. నెలాఖరు కాబట్టి చేతిలో డబ్బుల్లేవు. నాయనమ్మ మంచం దిగలేదు. బయట ఊళ్లో చుట్టాలు కూడా లేరు. ఇప్పుడు చెప్పండి, ఆ ఆర్డర్ మీకు ఏ రకంగా పనికొస్తుంది?

2005 ఆగస్టు 28, ఆదివారం. అమెరికాలో లూసియానా రాష్ట్రం, న్యూ ఆర్లీన్స్ నగరం. అక్కడ వేలాది కుటుంబాలు సరిగ్గా ఈ పరిస్థితిలోనే ఉన్నాయి. వస్తున్న తుఫాను పేరు కత్రినా. ప్రపంచంలోనే డబ్బున్న దేశం, శాటిలైట్లున్నాయి, హెలికాప్టర్లున్నాయి, సైన్యం ఉంది. అయినా అంతమంది ఎలా చనిపోయారు? చాలామంది "ముందుగా తెలియలేదు కాబట్టి" అనుకుంటారు. నేను ఇవాళ చెప్పబోయేది దానికి పూర్తిగా ఉల్టా. వాళ్లకి తెలుసు. ఏడాది ముందు నుంచీ తెలుసు.

ముందు ఒక చిన్న విషయం. హరికేన్ అంటే కొత్త జంతువేం కాదు. మన బంగాళాఖాతంలో వస్తే సైక్లోన్ అంటాం, అట్లాంటిక్ లో వస్తే హరికేన్ అంటారు. గాలి వేగాన్ని బట్టి 1 నుంచి 5 దాకా కేటగిరీలు ఇస్తారు. 5 అంటే అన్నిటికన్నా భయంకరమైనది.

ఇక న్యూ ఆర్లీన్స్ సంగతి. ఈ నగరాన్ని ఒక గిన్నెలాగా ఊహించుకోండి. ఒక పక్క మిసిసిపీ నది, ఇంకో పక్క పాంచట్రేన్ అనే పెద్ద సరస్సు. మధ్యలో ఊరు. ఊళ్లో దాదాపు సగం భాగం సముద్ర మట్టం కన్నా కిందే ఉంటుంది. మామూలు వాన పడినా ఆ నీళ్లు వాటంతట అవి బయటికి పోవు, పంపులు పెట్టి తోడాలి. ఊరిని కాపాడేది చుట్టూ ఉన్న కరకట్టలు, కాలవల పొడుగునా కట్టిన కాంక్రీటు గోడలు. అవి తెగితే గిన్నె నిండుతుంది. అంతే లెక్క.

ఈ లెక్క అక్కడి అధికారులకి తెలియదా? తెలుసు. 2004 జులైలో, అంటే కత్రినాకి ఏడాది ముందు, బాటన్ రూజ్ లో ఒక రిహార్సల్ జరిగింది. ఐదు రోజులు. స్థానిక, రాష్ట్ర, కేంద్ర శాఖల నుంచి వందల మంది అధికారులు కూర్చున్నారు. "హరికేన్ పామ్" అని ఒక ఊహల తుఫానుని సృష్టించి, అది న్యూ ఆర్లీన్స్ ని కొడితే ఏమవుతుందో లెక్కలు వేశారు. ఊరు మునిగిపోతుంది అని తేలింది. 60 వేల మంది దాకా చనిపోవచ్చు అని తేలింది. సొంత వాహనం లేనివాళ్లు లక్ష మంది దాకా ఉంటారని కూడా తేలింది. మరి ఆ లక్ష మందిని ఎవరు తీసుకెళ్తారు, ఏ బస్సులో, ఏ డ్రైవర్ తో, ఎక్కడికి? ఇక్కడికొచ్చేసరికి ప్లాన్ పూర్తి కాలేదు. తర్వాత జరగాల్సిన మీటింగులు కొన్ని నిధుల్లేక ఆగిపోయాయి.

ఇంకో విషయం చూడండి. అదే 2004 సెప్టెంబర్ లో ఐవన్ అనే హరికేన్ వచ్చింది. జనం లక్షల్లో కార్లేసుకుని బయల్దేరారు. రోడ్ల మీద గంటలకి గంటలు ఇరుక్కుపోయారు. తీరా ఐవన్ పక్కకి తిరిగి అలబామా వైపు వెళ్లిపోయింది. దీంతో ప్రభుత్వం ఒక పాఠం నేర్చుకుంది. హైవేలో రెండు వైపుల లేన్లనీ ఊరి బయటికే నడిపించే పద్ధతి ఉంటుంది, దాన్ని కాంట్రాఫ్లో అంటారు. ఆ ప్లాన్ ని బాగా సరిదిద్దారు. అంటే కారు ఉన్నవాడి సమస్యకి పరిష్కారం దొరికింది. కారు లేనివాడి సమస్య కాగితం మీదే ఉండిపోయింది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు తేదీల వారీగా చూద్దాం.

ఆగస్టు 23న బహామాస్ దగ్గర వాయుగుండం పుట్టింది. 25న కేటగిరీ 1 హరికేన్ గా ఫ్లోరిడాని తాకి, తర్వాత గల్ఫ్ లోకి దిగింది. అక్కడ నీళ్లు వేడిగా ఉన్నాయి. తుఫానుకి వేడి నీళ్లే తిండి. 26, శుక్రవారం నాటికి దాని దారి పడమరకి జరిగి లూసియానా, మిసిసిపీ రాష్ట్రాల వైపు చూపించింది. అదే రోజు లూసియానా గవర్నర్ కాథ్లీన్ బ్లాంకో ఎమర్జెన్సీ ప్రకటించారు. 27, శనివారం కేంద్రం తరఫున ప్రెసిడెంట్ బుష్ కూడా ఎమర్జెన్సీ ప్రకటించారు. సాయంత్రం నాలుగింటికి కాంట్రాఫ్లో మొదలైంది. ఐదింటికి న్యూ ఆర్లీన్స్ మేయర్ రే నేగిన్ టీవీ ముందుకొచ్చి ఊరు వదలమన్నారు. కానీ అది "వాలంటరీ", అంటే మీ ఇష్టం మీద వెళ్లండి అని.

ఎందుకు అప్పుడే "తప్పనిసరి" అనలేదు? దీనికి రెండు కారణాలున్నాయి. రెండూ వినండి, తర్వాత మీరే తీర్పు చెప్పండి.

మొదటిది, ప్లాన్ ప్రకారం ఒక వరస ఉంది. లూసియానాలో జిల్లాని పారిష్ అంటారు. సముద్రానికి దగ్గరున్న పారిష్ లు తుఫానుకి 50 గంటల ముందు కదలాలి, తర్వాతవి 40 గంటల ముందు, న్యూ ఆర్లీన్స్ నగరం 30 గంటల ముందు. నగరం జనం ముందే రోడ్డెక్కితే కింద తీరంలో ఉన్నవాళ్లు వెనకాల ఇరుక్కుపోతారు. ఇది న్యాయమైన ఆలోచనే. ప్లాక్‌మైన్స్ లాంటి తీర పారిష్ శనివారమే ఖాళీ చేయమని ఆర్డర్ ఇచ్చింది.

రెండోది, భయం. కానీ తుఫాను భయం కాదు, కేసుల భయం. తప్పనిసరి ఆర్డర్ ఇస్తే హోటళ్లు, వ్యాపారాలు మూతపడతాయి. రేపు తుఫాను ఐవన్ లాగా పక్కకి పోతే నష్టపరిహారం కట్టమని సిటీ మీద పడతారేమో. అందుకే తనకి ఆ అధికారం ఉందో లేదో లాయర్లు చూస్తున్నారని శనివారం మేయర్ చెప్పారు. ఆ రాత్రి నేషనల్ హరికేన్ సెంటర్ డైరెక్టర్ మాక్స్ మేఫీల్డ్ స్వయంగా మేయర్ కి ఫోన్ చేశారు. పరిస్థితి ఎంత తీవ్రమో చెప్పారు. ఒక వాతావరణ శాఖ అధికారి ఇలా పర్సనల్ గా ఫోన్ చేయడం చాలా అరుదు.

ఆదివారం పొద్దుటికి కత్రినా కేటగిరీ 5 అయింది. గాలి వేగం గంటకి 280 కిలోమీటర్లు. తొమ్మిదిన్నర ప్రాంతంలో తప్పనిసరి ఆర్డర్ వచ్చింది. న్యూ ఆర్లీన్స్ చరిత్రలో మొత్తం నగరానికి అలాంటి ఆర్డర్ రావడం అదే మొదటిసారి. సోమవారం పొద్దున 6:10కి తుఫాను తీరం దాటింది. మధ్యలో ఎంత టైమ్ ఉంది? 21 గంటలు కూడా లేదు. అందులోనూ సాయంత్రానికే గాలులు మొదలయ్యాయి. ప్లాన్ లో రాసుకున్నది 30 గంటలు.

ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పాలి. కార్లు ఉన్నవాళ్ల విషయంలో ఆ తరలింపు గొప్పగా జరిగింది. న్యూ ఆర్లీన్స్, చుట్టుపక్కల ప్రాంతాల నుంచి దాదాపు పది లక్షల మంది బయటికి వెళ్లిపోయారు. అంటే జనాభాలో 80 శాతానికి పైనే. ఏడాది ముందు నేర్చుకున్న ట్రాఫిక్ పాఠం నిజంగా పనిచేసింది. అది జరగకపోతే చావులు ఇంకెన్ని రెట్లు ఉండేవో.

మరి ఉండిపోయింది ఎవరు? అప్పట్లో టీవీల్లో "చెప్పినా వినలేదు, మొండివాళ్లు" అన్నారు. కొంతమంది నిజంగానే వినలేదు. ఇంతకుముందు తుఫాన్లు చూశాంలే అనుకున్నారు. కానీ నగరంలో నాలుగో వంతుకి పైగా కుటుంబాలకి కారే లేదు. ఎక్కువమంది నల్లజాతి వాళ్లు, పేదవాళ్లు. నెలాఖరు కావడంతో జీతాలు, పెన్షన్ చెక్కులు ఇంకా రాలేదు. హోటల్ గదికి డబ్బెక్కడిది? కొందరికి ఇంట్లో పేషెంట్లు. కొందరికి కుక్కలు, పిల్లులు. షెల్టర్లలోకి పెంపుడు జంతువుల్ని రానివ్వరని తెలిసి, వాటిని వదలలేక ఉండిపోయారు. నవ్వొచ్చే విషయం కాదిది. దీనివల్ల ప్రాణాలు పోయాయి కాబట్టే 2006లో అమెరికా ఒక చట్టం చేసింది. తరలింపు ప్లాన్లలో పెంపుడు జంతువుల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని.

"బస్సులు లేవా?" అని మీరు అడగొచ్చు. ఉన్నాయి. సిటీ బస్సులున్నాయి, స్కూల్ బస్సులున్నాయి. తుఫాను తర్వాత ఒక ఫోటో ప్రపంచమంతా తిరిగింది. పసుపు రంగు స్కూల్ బస్సులు వందల సంఖ్యలో, వరసగా, నీళ్లలో సగం మునిగి ఉన్నాయి. వాటిని నడపడానికి డ్రైవర్లని ముందే మాట్లాడి పెట్టుకోలేదు. డ్రైవర్లకీ కుటుంబాలుంటాయి కదా, వాళ్లూ ఊరు వదిలి వెళ్లాల్సినవాళ్లే. బస్సు ఉండటం వేరు, బస్సు రావడం వేరు.

ఆ ఉన్న కొన్ని సిటీ బస్సులు జనాన్ని ఎక్కడికి తీసుకెళ్లాయో తెలుసా? ఊరి బయటికి కాదు. ఊరి మధ్యలో ఉన్న సూపర్‌డోమ్ అనే స్టేడియంకి. అంటే గిన్నెలోంచి బయటికి తీయలేదు, గిన్నెలోనే ఒక ఎత్తైన చోటికి మార్చారు. ఏ దారీ లేనివాళ్లకి చివరి ఆశ్రయం అన్నారు దాన్ని. ఆదివారం రాత్రికి సుమారు 10 వేల మంది చేరారు. తర్వాత ఆ సంఖ్య 20 వేలు దాటింది.

సోమవారం తుఫాను తీరం దాటేటప్పటికి కేటగిరీ 3కి తగ్గింది. కేంద్ర భాగం నగరానికి కొంచెం తూర్పుగా వెళ్లింది. "హమ్మయ్య, గండం గడిచింది" అని కొన్ని ఛానళ్లు చెప్పేశాయి. కానీ అప్పటికే గోడలు తెగుతున్నాయి. 17వ స్ట్రీట్ కెనాల్, లండన్ ఎవెన్యూ కెనాల్, ఇండస్ట్రియల్ కెనాల్... మొత్తం 50కి పైగా చోట్ల గండ్లు పడ్డాయి. నగరంలో 80 శాతం మునిగిపోయింది. కొన్ని గోడల మీదుగా నీళ్లు పొర్లకముందే గోడలే ఒరిగిపోయాయి. అంటే అది తుఫాను బలం కాదు, డిజైన్ లోపం. ఆ గోడలు కట్టింది ఆర్మీ ఇంజనీర్ల సంస్థ. మరుసటి ఏడాది వాళ్లే ఆ లోపాన్ని ఒప్పుకున్నారు.

తర్వాతి రోజులు మీరు వీడియోల్లో చూసే ఉంటారు. సూపర్‌డోమ్ పైకప్పు చిరిగింది, కరెంటు పోయింది, టాయిలెట్లు పనిచేయలేదు. ఇంకో పక్క కన్వెన్షన్ సెంటర్ దగ్గర వేలాది మంది చేరారు. అది అసలు షెల్టర్ గా ప్లాన్ లోనే లేదు. తిండి లేదు, నీళ్లు లేవు. అక్కడ అంతమంది ఉన్నారన్న సంగతి కేంద్ర విపత్తు సంస్థ ఫీమా డైరెక్టర్ మైకేల్ బ్రౌన్ కి గురువారానికి గానీ తెలియలేదు. టీవీ చూస్తున్న మామూలు జనానికి అంతకన్నా ముందే తెలుసు. గవర్నర్ సోమవారం అడిగిన బస్సులు పెద్ద సంఖ్యలో వచ్చింది గురువారం. ఈలోగా జనాన్ని బతికించింది కోస్ట్ గార్డ్ హెలికాప్టర్లు, సొంత పడవలేసుకుని వచ్చిన పక్క ఊళ్లవాళ్లు. ఒక్క కోస్ట్ గార్డే 33 వేల మందికి పైగా కాపాడింది. సెప్టెంబర్ 12న బ్రౌన్ రాజీనామా చేశారు.

మొత్తం ఎంతమంది చనిపోయారు? చాలా ఏళ్లు 1,833 అని చెప్పేవారు. 2023లో నేషనల్ హరికేన్ సెంటర్ ఆ లెక్కని 1,392కి సవరించింది. కానీ నన్ను ఆపేసిన లెక్క వేరే ఉంది. లూసియానాలో చనిపోయినవాళ్లలో దాదాపు సగం మంది 75 ఏళ్లు దాటినవాళ్లు. నగరం పక్కనే సెయింట్ బెర్నార్డ్ పారిష్ లో ఒక్క వృద్ధాశ్రమంలోనే 35 మంది మునిగి చనిపోయారు. వాళ్లని తరలించలేదు. "కదిలిస్తే దారిలోనే పోతారేమో" అన్నది అక్కడివాళ్ల వాదన. కోర్టు కూడా ఆ యజమానుల్ని నిర్దోషులనే చెప్పింది.

ఆ వాదన విని కోపం వస్తుంది కదా? ఆగండి. మూడు వారాలకే దానికి రెండో వైపు కూడా కనిపించింది. సెప్టెంబర్ లో రీటా అనే ఇంకో హరికేన్ టెక్సాస్ వైపు వచ్చింది. కత్రినా దృశ్యాలు కళ్ల ముందే ఉన్నాయి. హ్యూస్టన్ ప్రాంతం నుంచి 25 లక్షలకి మించి జనం ఒకేసారి రోడ్డెక్కారు. వెళ్లాల్సిన అవసరం లేనివాళ్లు కూడా వెళ్లారు. పెట్రోల్ అయిపోయింది, ఎండ మాడ్చేసింది, కార్లు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోయాయి. డల్లాస్ దగ్గర వృద్ధుల్ని తీసుకెళ్తున్న బస్సుకి మంటలంటుకుని 23 మంది చనిపోయారు. ఆ ప్రయాణాల్లోనే దాదాపు వంద మంది పోయారు. అందుకే 2017లో హార్వీ వచ్చినప్పుడు హ్యూస్టన్ మేయర్ ఖాళీ చేయమని చెప్పలేదు. హ్యూస్టన్ లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఆ వరదలో ఇంట్లో ఉన్నవాళ్లు కొందరు మీ చుట్టాల్లోనే ఉండొచ్చు. వాళ్లని అడిగితే చెప్తారు, ఆ నిర్ణయం మీద ఇప్పటికీ వాదనలున్నాయి.

అంటే ఖాళీ చేయించడం అనేది మంచి, చెడు అని తేల్చేసే విషయం కాదు. ఎవరిని, ఎప్పుడు, ఎందులో, ఎక్కడికి అన్న నాలుగు ప్రశ్నలకి ముందే జవాబు ఉండాలి. జవాబు ఉంటే ఏమవుతుందో న్యూ ఆర్లీన్సే చూపించింది. 2008లో గుస్తావ్ హరికేన్ వచ్చినప్పుడు కారు లేనివాళ్ల కోసం నగరంలో ఎక్కాల్సిన చోట్లు ముందే ఖాయం చేశారు. బస్సులు, రైళ్లు పెట్టి వేల మందిని ఊరు దాటించారు. సూపర్‌డోమ్ తలుపులు తెరవలేదు. ఆ తర్వాత అలాంటి పికప్ పాయింట్ల దగ్గర పెద్ద పెద్ద స్టీలు బొమ్మలు నిలబెట్టారు. చెయ్యెత్తి బండి ఆపుతున్న మనిషి ఆకారం. చదువురానివాడికి కూడా "బస్సు ఇక్కడికే వస్తుంది" అని అర్థమవుతుంది.

కథ అక్కడ సుఖాంతం అయిపోలేదు. 2021లో ఐడా వచ్చింది. తేదీ చూడండి, మళ్లీ ఆగస్టు 29. గురువారం వాయుగుండం, ఆదివారానికి కేటగిరీ 4. కాంట్రాఫ్లో పెట్టాలంటే కనీసం మూడు రోజులు కావాలి, ఆ టైమే లేదు. అందుకని కరకట్టల లోపల ఉన్నవాళ్లకి తప్పనిసరి ఆర్డర్ ఇవ్వలేమని మేయర్ చెప్పేశారు. కత్రినా తర్వాత దాదాపు 1,450 కోట్ల డాలర్లతో కట్టిన కట్టలు ఈసారి నిలబడ్డాయి. కానీ కరెంటు మొత్తం పోయింది. నగరంలో చనిపోయినవాళ్లలో ఎక్కువమంది నీళ్లలో కాదు, ఆ ఉక్కలో పోయారు. మళ్లీ ఎక్కువగా ముసలివాళ్లే.

ఇక మన దగ్గరికి వద్దాం. ఇదే పాఠం మన తీరం కూడా నేర్చుకుంది, చాలా పెద్ద ఖరీదు కట్టి. 1977 నవంబర్ 19, దివిసీమ ఉప్పెన. దాదాపు పదివేల మంది చనిపోయారు. తుఫాను వస్తోందన్న సంగతికి, చివరి ఊరికి మధ్య చాలా దూరం ఉంది ఆ రోజుల్లో. తర్వాత తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు. ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా తీరంలోని ఊళ్లకి నేరుగా హెచ్చరిక వినిపించే యంత్రాలు పెట్టారు. 1990 మే నెలలో దాదాపు అదే తీరానికి మళ్లీ భయంకరమైన తుఫాను వచ్చింది. ఈసారి అధికారులే ఊళ్లలోకి వెళ్లి లక్షకి మించి జనాన్ని కదిలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపు ఆగింది. రెండు తుఫాన్లూ అచ్చంగా ఒకటి కావు, ఉప్పెన ఎత్తులో తేడా ఉంది. అయినా ఆ తేడా ఒక్కటే ఇంత మార్పు తేలేదు. "వెళ్లండి" అని చెప్పడానికి, వచ్చి తీసుకెళ్లడానికి మధ్య ఉన్న తేడా కూడా ఇందులో ఉంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కత్రినాలో మేయర్ శనివారమే ఆర్డర్ ఇచ్చి ఉంటే ఇంకొన్ని ప్రాణాలు మిగిలేవి. కానీ ఆ లక్ష మందికి బస్సు లేకపోతే శనివారం ఆర్డర్ అయినా కాగితమే. తుఫాను వచ్చిన రోజు తీసుకునే నిర్ణయం గురించి మనం గంటలు గంటలు వాదించుకుంటాం. ప్రాణాలు కాపాడే నిర్ణయం అసలు ఏడాది ముందు, ఎండ కాస్తున్న ఒక మామూలు రోజున, ఎవరూ చూడని ఒక మీటింగులో జరగాలి. అక్కడ డబ్బుల్లేవని ఫైలు మూసేస్తే, దాని బిల్లు తర్వాత ముసలివాళ్లు, పేదవాళ్లు కడతారు.

మీరు తీర ప్రాంతంలో గానీ, ఏటి ఒడ్డున గానీ ఉంటే ఒక పని చేయండి. మీకు దగ్గర్లో ఉన్న తుఫాను షెల్టర్ ఎక్కడుందో, దాని తాళం ఎవరి దగ్గరుంటుందో కనుక్కోండి. మీ వీధిలో నడవలేనివాళ్లు ఎవరున్నారో, వాళ్లని ఏ బండిలో ఎక్కిస్తారో సచివాలయంలోనో పంచాయతీ ఆఫీసులోనో అడగండి. జవాబు రాకపోతే మళ్లీ అడగండి. ఆకాశంలో మబ్బు లేనప్పుడే అడగండి. అప్పుడైతే వాళ్లకి టైమ్ ఉంటుంది, మీకూ ఉంటుంది.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. మీ ఇంట్లో పెద్దవాళ్లకి 1977 గానీ, 1990 గానీ గుర్తుంటే, వాళ్లు ఎలా బయటపడ్డారో కామెంట్ లో రాయండి. వచ్చే ఎపిసోడ్ లో కలుద్దాం.